చివరి డబ్బాలో ఉండాల్సిన రెసిస్టర్

సంపాదకులకు నమస్కారం.

ఇండ్లల్లో పెట్టుకునే అలారం ప్యానెళ్ళ గురించి ఈ మధ్య మీ జిల్లా పేజీలో ఒక వ్యాసం వచ్చింది. దొంగల సంగతి వివరంగా రాశారు. అగ్గి సంగతి వచ్చేసరికి మాత్రం పొగను, వేడిని పసిగట్టే డిటెక్టర్లను కూడా అదే ప్యానెల్‌కు కలుపుకోవచ్చని ఒక్క వాక్యంతో దాటేశారు. ఆ కలపడం ఎట్లా అన్న దగ్గరే అసలు కథంతా ఉంది. మా ఇంట్లో జరిగింది రాస్తున్నాను, కొంచెం పొడుగైనా వేయగలరు.

నేను సింగరేణిలో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా భూపాలపల్లిలో రిటైరయ్యాను. ఇప్పుడు హన్మకొండలో సొంత ఇల్లు. కింద మేము ఇద్దరం, పైన ఒక లెక్చరర్ కుటుంబం కిరాయికి ఉంటుంది. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి, మేం ముసలివాళ్ళం ఒంటరిగా ఉన్నామని, రెండేళ్ళ కింద అలారం పెట్టించాడు. తలుపులకు అయస్కాంతం స్విచ్చులు, హాల్లో మనిషి కదిలితే పట్టుకునే సెన్సర్, వాటితోపాటు ఐదు పొగ డిటెక్టర్లు. హాల్లో ఒకటి, రెండు పడగ్గదుల్లో రెండు, వంటింట్లో ఒకటి, మెట్ల కింద ఒకటి. ఇద్దరు పిల్లలు వచ్చి రోజున్నరలో పని ముగించారు. కెమెరాలు బిగించే పిల్లలే. దుకాణం పేరు రాయను, ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

మొదటి తంటా వంటింట్లో మొదలైంది. మా ఇంటావిడ ఎండుమిర్చి వేసి పప్పుకు పోపు పెట్టిందంటే చాలు, ఆ డిటెక్టర్ డబ్బా ఒర్రుడు మొదలు. ఒర్రడం ఒక ఎత్తు, అది ఆగకపోవడం ఇంకో ఎత్తు. కోడ్ కొట్టినా ఆగేది కాదు, సైరన్ ఒక్క క్షణం ఊరుకొని మళ్ళీ లేచేది. పిల్లలకు ఫోన్ చేస్తే, “కరెంటు బంద్ చేసి బ్యాటరీ వైరు పీకుండ్రి అంకుల్, ఆగిపోతది” అన్నారు. నిజంగానే ఆగింది. మూడోసారి మా ఆవిడ స్టూలు ఎక్కి, డబ్బాకు ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేసింది. “ఇగ ఒర్రుమను సూద్దాం” అన్నది. నేనూ ఏమనలేదు. ముప్పై ఏళ్ళు బొగ్గు బాయిలో సేఫ్టీ, సేఫ్టీ అని తిరిగిన మనిషిని, ఇంట్లో ఆ కవరు కింద కూచొని ఏడాదిపాటు అన్నం తిన్నాను.

అసలు దెబ్బ మొన్న ఫిబ్రవరిలో తగిలింది. పై వాళ్ళు ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నారు. రాత్రి మెట్ల కింద పెట్టి, ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి ఛార్జింగ్ పెట్టేవాళ్ళు. స్కూటర్ బ్యాటరీకి ఏమీ కాలేదు, బోర్డుదే తప్పు. సాకెట్ లూజై, పిన్ను దగ్గర వేడెక్కి, ప్లాస్టిక్ కరిగి, పక్కనున్న పాత గోనెసంచికి అంటుకుంది. మంట లేదు, కమ్ముకుంటున్న పొగ మాత్రమే. రాత్రి రెండు దాటింది. మా ఆవిడే నన్ను లేపింది: “ఇగో, లేవుండ్రి. ఏందో కాలిన వాసన వత్తాంది.” తలుపు తీస్తే మెట్ల దగ్గర పొగ గోడలా నిలబడి ఉంది. మెయిన్ ఎంసీబీ పడేసి, కర్రతో బోర్డును బయటికి ఈడ్చి, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇసుక పోశాను. పది నిమిషాల పని. పై వాళ్ళ చిన్నపాప దగ్గుకుంటూ తల్లి చంకలో దిగి వచ్చింది, ఇంకేం జరగలేదు.

ఆ పొగకు సరిగ్గా ఏడడుగుల పైన డిటెక్టర్ ఉంది, సార్. కిక్కుమనలేదు. హాల్లో ప్యానెల్ మీద పచ్చ లైటు. అంతా బాగుందని దాని సాక్ష్యం.

తెల్లారి నిచ్చెన వేసుకొని ఆ డిటెక్టర్ విప్పాను. దసరా ముందు ఇంటికి సున్నం వేయించాం. రంగులు వేసేవాళ్ళు అడ్డం వస్తుందని దాన్ని తిప్పి తీసి, పని అయ్యాక మళ్ళీ తోసి పెట్టారు. ఆ తోపులాటలో ఎర్ర తీగ స్క్రూ కింద నుంచి జారిపోయింది. ఎర్ర తీగంటే కరెంటు తీగ. అంటే దసరా నుంచి ఆ డబ్బా చచ్చి ఉంది. ఆ ముచ్చట ప్యానెల్‌కు తెలియదు. ఎందుకు తెలియదో చూద్దామని ప్యానెల్ పెట్టె మూత తీశాను. రెండు స్క్రూల మధ్య అడ్డంగా, పెసరగింజంత రెసిస్టర్ ఒకటి, కరెంటుకు లెక్క ప్రకారం అడ్డుపడే ముక్క. ఆకుపచ్చ, నీలం, ఎరుపు గీతలు. అంటే 5.6 కిలో ఓమ్‌లు. దాన్ని చూడగానే ఒళ్ళు మండింది, పిల్లల మీద ఎంతో నా మీదా అంతే.

ఇది చదువరులకు అర్థం కావాలంటే బాయి ముచ్చట ఒకటి చెప్పాలి. భూగర్భ గనిలో బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రానికి గేట్ ఎండ్ బాక్స్ అనే స్విచ్చు పెట్టె నుంచి, యంత్రం వెంట ఈడ్చుకుపోయే ట్రైలింగ్ కేబుల్ పోతుంది. 550 వోల్టులు. ఆ కేబుల్‌లో కరెంటు కోర్లు (లోపలి తీగలు), ఎర్త్ కోరు కాక సన్నటి పైలట్ కోరు ఒకటి ఉంటుంది. దాని చివర, యంత్రం లోపల, కరెంటును ఒక్క వైపే పోనిచ్చే డయోడ్ ఒకటి పెడతారు. గేట్ ఎండ్ బాక్స్‌కు ఆ డయోడ్ కనబడినంతసేపే కరెంటు నిలుస్తుంది. కేబుల్ మీద బండ పడి తెగినా, నలిగి రెండు తీగలు కలిసినా డయోడ్ కనబడదు, బాక్స్ ట్రిప్ అవుతుంది. డయోడ్ చివర ఉంటేనే మధ్యలో ఉన్న కేబుల్ అంతటికీ కాపలా. ఆ డయోడ్‌ను తెచ్చి గేట్ ఎండ్ బాక్స్‌లోనే పెడితే యంత్రం నడుస్తుంది, పని ఆగదు, కేబుల్‌కు మాత్రం కాపలా ఉండదు. మా రోజుల్లో అట్లా పెట్టినవాడు చార్జిషీటు తినకుండా బయటపడేవాడు కాదు.

ఇంటి ప్యానెల్‌లో ఆ రెసిస్టర్ చేసేదీ అదే పని. ప్యానెల్ ఒక్కటిగా చూసే డిటెక్టర్ల గుంపును జోన్ అంటారు. ఒక జోన్‌లోని పొగ డిటెక్టర్లన్నీ ఒకే జత తీగల మీద వరుసగా ఉంటాయి, చివరి డిటెక్టర్ దగ్గర రెసిస్టర్ ఉంటుంది. 5.6 కిలో ఓమ్‌లు కనబడితే అంతా సవ్యమని ప్యానెల్ అనుకుంటుంది. ఏదో ఒక డిటెక్టర్ పొగ చూసి రెండు తీగలను లోపల కలిపిందా, ఓమ్‌లు సున్నాకు పడిపోతాయి, అగ్గి అని అరుస్తుంది. తీగ తెగిందా, రెసిస్టర్ అసలే కనబడదు, ట్రబుల్ అని చిన్నగా బీప్ కొడుతుంది. విలువ మాత్రం ప్యానెల్‌ను బట్టి మారుతుంది, ఒక కంపెనీది ఇంకో కంపెనీకి పనికిరాదు. రెసిస్టర్‌ను పెట్టెలోనే బిగిస్తే ప్యానెల్ తన జేబు తానే తడుముకొని అంతా ఉందనుకుంటుంది. బయట తీగ మొత్తం ఎలుక కొరికేసినా సరే.

పని చేసిన పిల్లవాడిని పిలిపించాను. ఇరవై రెండేళ్ళుంటాయి, ఐటీఐ చదివాడు, చెయ్యి మంచిది. “అంకుల్, అందరిండ్లల్ల గిట్లనే పెడ్తం. పెట్టెల పెడితే అలకగ అయితది. ఇంతవరకు ఎవ్వలు అడగలే” అన్నాడు. అబద్ధం చెప్పలేదు పాపం. నేర్పినవాడు అట్లనే నేర్పాడు, ఇంటివాడు పచ్చ లైటు చూసి డబ్బులిచ్చాడు. డబ్బులిచ్చిన ఆ ఇంటివాళ్ళలో నేనూ ఒకడిని కదా.

సరే, రెసిస్టర్‌ను తీసుకుపోయి మెట్ల కింద చివరి డిటెక్టర్‌లో బిగించాం. నాకు గర్వం వచ్చింది. “ఇప్పుడు చూడు” అని పిల్లవాడి ముందే ఎర్ర తీగను మళ్ళీ విప్పాను. ప్యానెల్ పచ్చగానే ఉంది. పిల్లవాడు నా మొహం చూస్తున్నాడు, నేను ప్యానెల్ మొహం చూస్తున్నాను. కాసేపటికి గానీ తట్టలేదు. ఇవి నాలుగు తీగల డిటెక్టర్లు. రెండు తీగలు 12 వోల్టుల కరెంటు తెస్తాయి, ఇంకో రెండు ప్యానెల్‌కు కబురు చెబుతాయి. రెసిస్టర్ కాపలా కబురు తీగలకే గానీ కరెంటు తీగలకు కాదు. కరెంటు పోతే డిటెక్టర్ నిద్రపోతుంది, కబురు తీగల మీద మాత్రం ఏ తేడా ఉండదు. రెసిస్టర్‌ను మొదటే సరైన చోట పెట్టి ఉన్నా ఆ రాత్రి మా డబ్బా మూగగానే ఉండేదన్నమాట.

దీనికి మందు చిన్న రిలే, అంటే లోపలి కాయిల్‌కు కరెంటు అందినంతసేపు కాంటాక్టును కలిపి ఉంచే స్విచ్చు. చివరి డిటెక్టర్ కరెంటు స్క్రూలకే 12 వోల్టుల రిలే కాయిల్‌ను కలిపి, దాని కాంటాక్టును రెసిస్టర్‌తో వరుసలో పెట్టాలి. కరెంటు అక్కడిదాకా వచ్చినంతసేపు రిలే పట్టుకొని ఉంటుంది, రెసిస్టర్ కనబడుతుంది. కరెంటు పోగానే రిలే వదిలేస్తుంది, లైను తెగినట్టవుతుంది, ప్యానెల్‌కు తెలిసిపోతుంది. వరంగల్ చౌరస్తా దగ్గర ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో దొరికింది. రిలే ఎప్పుడూ కొంత కరెంటు తాగుతుంది, ఆ లెక్కా వేసుకోవాలి. మా ప్యానెల్‌లో 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంది, దానికి అదేం భారం కాలేదు. రెండు తీగల డిటెక్టర్లూ వస్తాయి, వాటిలో కరెంటూ కబురూ ఒకే జతలో పోతాయి కాబట్టి ఈ రిలే గొడవ లేదు, కానీ ఆ ప్యానెల్‌కు సరిపోయే రకమే కొనాలి.

ఇంకొక పాడు అలవాటు మధ్యలోని డిటెక్టర్ల దగ్గర కనబడింది. తీగను కత్తిరించకుండా పైపొర ఒలిచి, స్క్రూ చుట్టూ తిప్పి అట్లే ముందుకు లాగేశారు. అట్లా చేస్తే స్క్రూ వదులై డిటెక్టర్ లైనులో లేకుండా పోయినా తీగ మాత్రం తెగదు, ప్యానెల్‌కు ఏమీ తెలియదు. వచ్చే తీగను, పోయే తీగను కత్తిరించి వేరువేరుగా బిగించాలి. మధ్యలో నుంచి కొమ్మలా ఇంకో తీగ లాగి డిటెక్టర్ తగిలించడమూ అంతే, ఆ కొమ్మకు కాపలా లేదు. పడగ్గదిలో ఒకటి అట్లాగే ఉంటే గోడ తవ్వి మళ్ళీ లాగించాను. మా ఆవిడ సున్నం ఖర్చు గుర్తుచేసింది.

సైరన్ ఎందుకు ఆగలేదో కూడా అప్పుడే తెలిసింది. పొగ డిటెక్టర్ ఒకసారి పట్టుకుంటే పొగ పోయినా తనంతట తాను వదలదు. ఏ గదిలో అగ్గి పుట్టిందో ఎర్ర లైటుతో చూపించాలి కదా, అందుకు. వదలాలంటే దాని కరెంటును కొన్ని క్షణాలు తీసి మళ్ళీ ఇవ్వాలి. దానికోసమే ప్యానెల్‌లో, రీసెట్ కొట్టగానే కరెంటు ఆగి మళ్ళీ వచ్చే అవుట్‌పుట్ ఒకటి ఉంటుంది. మా పిల్లలు ఎప్పుడూ ఆగని అవుట్‌పుట్‌కు కలిపారు. అందుకని బ్యాటరీ పీకుడు. బ్యాటరీ పీకమని నేర్పిన అలారానికి మూడోరోజే బ్యాటరీ ఉండదు.

ఇవన్నీ ఒక ఎత్తయితే, ప్యానెల్ లోపల మెట్ల కింది డిటెక్టర్ ఉన్న జోన్‌ను వాళ్ళు మామూలు దొంగల జోన్‌గా పెట్టారు. అంటే మేం ఊరికి పోతూ కోడ్ కొట్టి తాళం వేస్తేనే అది మేలుకుంటుంది. వంటింట్లో పోపుకు ఒర్రిందెందుకంటే వంటింటిది మాత్రం వేరే జోన్‌లో సరిగ్గా పడింది, ఏ దేవుడి దయో. మిగతా నాలుగూ మేం ఇంట్లో లేనప్పుడే మమ్మల్ని కాపాడతాయట! అగ్గి జోన్ ఎప్పుడూ 24 గంటల ఫైర్ జోన్‌గానే ఉండాలి. ఆ రాత్రి ఎర్ర తీగ ఊడకున్నా సరే, మా ప్యానెల్ నిద్రపోయేదే.

వంటింటి పొగ డిటెక్టర్‌ను తీయించి వేడి డిటెక్టర్ పెట్టించాను. పోపుకు, ఊదు పొగకు, అగరుబత్తికి అది చలించదు. మామూలుగా 57 డిగ్రీలకు పనిచేస్తుంది. ఇంకో రకం నిమిషానికి సుమారు 8 డిగ్రీల వేగంతో వేడి పెరిగితే పట్టుకుంటుంది. మా ఇంటి పైన రేకుల గది ఒకటుంది. మే నెలలో రామగుండం వాళ్ళకు వేరే చెప్పక్కరలేదు, రేకు కింద మధ్యాహ్నం గాలే ఉడుకుతుంది. అట్లాంటి చోటికి 57 డిగ్రీలది సరిపోదు, ఇంకా ఎక్కువ డిగ్రీలది అడిగి తెచ్చుకోవాలి. అట్లాగని పడగ్గదుల్లో వేడి డిటెక్టర్లు పెట్టించొద్దు. అది మేలుకునేసరికి మంట లేచి ఉంటుంది, నిద్రలో మనిషిని ముందు పట్టుకునేది పొగ. గనిలో మేం మంట కోసం ఎన్నడూ చూడలేదు, కార్బన్ మోనాక్సైడ్ లెక్క కొంచెం పెరిగితేనే పరుగెత్తేవాళ్ళం. గ్యాస్ లీకును ఈ రెండూ పట్టవు. సిలిండర్ గ్యాసు గాలికంటే బరువు, కిందకే దిగుతుంది, దానికి నేల దగ్గర పెట్టే వేరే డిటెక్టర్ ఉంది.

హాల్లోదాన్ని కూడా జరిపించాను. ఫ్యాన్ పక్కనే పెట్టారు, తీగ అక్కడిదాకా ఉందని. ఫ్యాన్ తిరుగుతుంటే పొగ దాని దగ్గరికి చేరనే చేరదు. రెక్క కొస నుంచి మూడడుగులన్నా ఎడం ఉండాలి. వానాకాలంలో ఉసిళ్ళు లోపలికి దూరతాయి, అప్పుడప్పుడు మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపాలి. సున్నం వేసేటప్పుడు కవరు తొడగొచ్చు, ఆ సాయంత్రమే తీసేస్తే. పదేళ్ళయితే ఎట్లాగూ మార్చాలి.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. పెద్ద అపార్ట్‌మెంట్లకు, ఆస్పత్రులకు అగ్నిమాపక శాఖ అనుమతులున్నాయి, డిటెక్టర్లు ఎట్లా బిగించాలో ఐఎస్ 2189 అనే భారతీయ ప్రమాణమే ఉంది. మాలాంటి సొంత ఇంటికి వచ్చి మూత తీసి చూసేవాడు ఎవరూ లేరు. అందుకని పని అయిపోయిందని డబ్బులడిగినప్పుడు ఇంటివాళ్ళు ఒక పని చేయాలి. చివరి డిటెక్టర్ దగ్గర ఒక తీగ విప్పమనండి, కబురు తీగ ఒకసారి, కరెంటు తీగ ఒకసారి. కాస్త ఆగి చూడండి. రెండుసార్లూ ప్యానెల్ బీప్ కొట్టాలి. కొట్టకపోతే డబ్బులివ్వకండి. డిటెక్టర్ మీద టెస్ట్ బటన్ నొక్కి చూపిస్తే సంతోషపడకండి, ఆ బటన్ చెప్పేది ఆ రోజు ముచ్చటే. ఈ మాట మీరు పెద్ద అక్షరాల్లో ఒకసారి వేస్తే చాలు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడు చెప్పే మాస్టార్లు కూడా చదివితే మరీ మంచిది. ఒక పీరియడ్ పాఠం, ఒక రెసిస్టర్, ఒక రిలే, ఇంతే కావలసింది.

ఆ పిల్లవాడు మా ఇంట్లో రెండు ఆదివారాలు కూచొని అన్నీ తిప్పి కట్టాడు. కూలి ఇస్తే తీసుకోలేదు. పోయిన ఆదివారం తానే వచ్చి నన్ను బండి మీద కాజీపేట తీసుకుపోయాడు, తాను నిరుడు బిగించిన ఒక ఇంటికి. మూత తీశాం. రెసిస్టర్ పెట్టెలోనే ఉంది. జేబులోంచి కొత్త రిలే తీసి పని మొదలుపెట్టాడు. మధ్యలో తల ఎత్తకుండానే, “ఇంకా పదిహేడు ఇండ్లున్నయి అంకుల్” అన్నాడు.

భవదీయుడు,
సింగరేణి విశ్రాంత ఎలక్ట్రికల్ ఫోర్‌మన్,
హన్మకొండ